ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్‌కి పాయింటర్‌ని పంపితే లోపలికి ఏం వెళ్తుంది?

ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌లో ‘కాల్ లెక్క(పి)’ అని ఒక లైన్ ఉందనుకుందాం. పి అనేది పాయింటర్ (డేటా ఎక్కడుందో చూపించే వేరియబుల్) అని పైన డిక్లరేషన్‌లో రాసి ఉంది. ఈ ఒక్క లైన్ చూసి, లెక్క అనే సబ్‌రొటీన్‌కి (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కకి) ఏం వెళ్తోందో చెప్పమంటే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చెప్పలేరు. పి చూపిస్తున్న డేటా నేరుగా వెళ్తుండొచ్చు. ఆ డేటాకి అప్పటికప్పుడు తీసిన కాపీ వెళ్తుండొచ్చు. లేదా పాయింటరే వెళ్తుండొచ్చు. మూడింటికీ కాల్ లైన్‌లో ఒక్క అక్షరం తేడా ఉండదు. ఏది జరుగుతుందో తేల్చేది అవతల సబ్‌రొటీన్‌లో డమ్మీ ఆర్గ్యుమెంట్‌ని (పంపినదాన్ని లోపల అందుకునే పేరుని) ఎలా డిక్లేర్ చేశారన్నదే.

సీ భాషకి అలవాటుపడినవాళ్లకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ పాయింటర్‌ని పంపుతున్నామా, అది చూపించే విలువని పంపుతున్నామా, పాయింటర్ అడ్రస్‌ని పంపుతున్నామా అన్నది పిలిచే చోటే గుర్తుల్లో తెలిసిపోతుంది. స్టార్ పెడితే ఒకటి, యాంపర్‌శాండ్ పెడితే ఇంకొకటి. ఫోర్ట్రాన్‌లో ఆ గుర్తులేవీ లేవు. పేరు రాస్తే చాలు, మిగతాది కంపైలర్ చూసుకుంటుంది. అది ఎలా చూసుకుంటుందో తెలియకపోతే, ఏళ్ల తరబడి బాగానే నడిచిన ప్రోగ్రామ్ కంపైలర్ వెర్షన్ మారగానే ఎందుకు పడిపోయిందో అంతు చిక్కదు.

పాయింటర్ లోపల ఏముంటుంది

ఫోర్ట్రాన్ 1957లోనే ఐబీఎం 704 మీద వచ్చింది. కానీ స్టాండర్డ్‌లోకి పాయింటర్లు వచ్చింది ఫోర్ట్రాన్ 90తో, అంటే 1991లో. అంతకు ముందు క్రే పాయింటర్లు అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. పాత కోడ్‌లో ఇప్పటికీ తగులుతుంటుంది. అవి అడ్రస్‌ని దాచుకునే ఇంటిజర్లు, అంతే. ఈ వ్యాసం వాటి గురించి కాదు.

ఫోర్ట్రాన్ 90 తెచ్చిన అరే (ఒకే రకం విలువల వరస) పాయింటర్ ఉత్త అడ్రస్ కాదు. దాన్ని కంపైలర్లు డిస్క్రిప్టర్ అనే చిన్న రికార్డుగా దాచుకుంటాయి. మొదటి ఎలిమెంట్ ఎక్కడుంది, ఒక్కో డైమెన్షన్‌లో ఇండెక్స్ ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని ఎలిమెంట్లున్నాయి, ఒక ఎలిమెంట్ నుంచి పక్కదానికి వెళ్లాలంటే మెమరీలో ఎంత దూకాలి (దీన్నే స్ట్రైడ్ అంటారు), ఇవన్నీ అందులో ఉంటాయి. పొలానికి పట్టాదారు పాసుబుక్ ఎలాగో డేటాకి డిస్క్రిప్టర్ అలాగ. సబ్‌రొటీన్‌కి పొలాన్ని కౌలుకి ఇస్తున్నామా, పాసుబుక్కే చేతిలో పెడుతున్నామా అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో రెండు విషయాలు ముందే అనుకోవాలి. ‘పి = 5’ అంటే పి చూపిస్తున్న చోట 5 పెట్టమని. ‘పి => ఎ’ అంటే పి ఇక నుంచి ఎ ని చూపించాలని. ఒక్క గుర్తు తేడాతో పని మొత్తం మారిపోతుంది. అలాగే పాయింటర్‌కి మూడు స్థితులుంటాయి: దేన్నో చూపిస్తూ ఉండటం, దేన్నీ చూపించకుండా నల్‌గా ఉండటం, అసలు ఏ స్థితో తెలియని అన్‌డిఫైన్డ్. మూడోదే ప్రమాదం. అసోసియేటెడ్ అనే ఫంక్షన్ మొదటి రెండిటి మధ్య తేడా చెప్పగలదు. అన్‌డిఫైన్డ్ పాయింటర్‌ని దానికి ఇవ్వడమే స్టాండర్డ్ ప్రకారం తప్పు. అది నిజమనీ చెప్పొచ్చు, అబద్ధమనీ చెప్పొచ్చు.

డమ్మీ మామూలు అరే అయితే

ఎ అనే 10 ఎలిమెంట్ల అరే ఉంది, దానికి టార్గెట్ లక్షణం (పాయింటర్ దీన్ని చూపించొచ్చు అనే అనుమతి) ఇచ్చారు. ‘పి => ఎ(1:10:2)’ అని రాశారు. అంటే పి ఇప్పుడు ఎ లోని 1, 3, 5, 7, 9 ఎలిమెంట్లని మాత్రం చూపిస్తోంది. మెమరీలో ఇవి పక్కపక్కన లేవు, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి.

సబ్‌రొటీన్‌లో డమ్మీని ‘ఎక్స్(:)’ అని, అంటే అస్యూమ్డ్ షేప్‌గా (పంపినదాని సైజే తీసుకునేలా) డిక్లేర్ చేశారనుకుందాం. కంపైలర్ ఒక కొత్త డిస్క్రిప్టర్ తయారుచేసి పంపుతుంది. స్ట్రైడ్ 2 అని అందులో ఉంటుంది కాబట్టి సాధారణంగా కాపీ అక్కర్లేదు. లోపల ఎక్స్(2) మారిస్తే బయట ఎ(3) మారుతుంది. కానీ ఎక్స్ అనేది పాయింటర్ కాదు కాబట్టి దాన్ని వేరే చోటికి తిప్పడం, అలొకేట్ చేయడం (కొత్త మెమరీ తెచ్చుకోవడం), డీఅలొకేట్ చేయడం (ఆ మెమరీని వదిలేయడం) ఏవీ కుదరవు. పి ఎటు చూపిస్తోందో అటే చూపిస్తూ ఉంటుంది.

ఇక్కడ చాలామందిని పడగొట్టేది ఇండెక్స్ హద్దు. పి ని 0 నుంచి 9 దాకా అలొకేట్ చేసి ‘ఎక్స్(:)’ అనే డమ్మీకి పంపితే, లోపల ఎక్స్ హద్దులు 0:9 కావు, 1:10. అస్యూమ్డ్ షేప్ డమ్మీకి కింది హద్దు ఎప్పుడూ 1 నుంచే, మనం వేరేగా చెబితే తప్ప. ఈ సంగతి మరిచి లోపల 0 నుంచి 9 దాకా లూప్ నడిపితే, ఎక్స్(0) అనేది అరేకి ముందున్న ఏదో మెమరీ. ఎక్స్(9) అనేది బయటి పి(8). పి(9)ని ఎవరూ ముట్టుకోరు. ప్రోగ్రామ్ కూలిపోతే అదృష్టం. చాలాసార్లు కూలదు, లెక్క ఒక గడి జరిగిపోయి నమ్మదగినట్టు కనిపించే తప్పు జవాబు వస్తుంది.

ఇదే పి ని పాయింటర్ డమ్మీకి పంపితే హద్దులు 0:9గానే వెళ్తాయి. ఎవరైనా ఒక సబ్‌రొటీన్ డమ్మీలో పాయింటర్ అనే మాట తీసేసి ‘శుభ్రం చేశాం’ అనుకుంటే హద్దులు నిశ్శబ్దంగా మారిపోతాయి. పాయింటర్‌ని కట్టే చోట కూడా ఇలాంటి మెలికే ఉంది. ఎ హద్దులు 0:9 అయినప్పుడు ‘పి => ఎ’ అంటే పి హద్దులు 0:9. ‘పి => ఎ(:)’ అంటే మాత్రం 1:10. ఆ రెండు చుక్కలు పెట్టగానే అది అరే కాదు, అరేలో ఒక ముక్క అయిపోతుంది. ముక్కకి హద్దు 1 నుంచే. ఫోర్ట్రాన్ 2003 వచ్చాక ‘పి(0:) => ఎ(:)’ అని కింది హద్దుని మనమే చెప్పే వీలు వచ్చింది.

దీన్ని పెద్ద కోడ్‌లో ఎలా సర్దుకుంటారో చూడాలంటే రోమ్స్ అనే సముద్ర మోడల్ మంచి ఉదాహరణ. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ సముద్ర సూచనల కోసం వాడే మోడళ్లలో ఇదీ ఒకటి. అందులో సముద్రమట్టం, ప్రవాహాల వేగం వంటి అరేలన్నీ డిరైవ్డ్ టైప్‌లలో (రకరకాల డేటాని కలిపి మనమే కట్టుకునే టైప్‌లలో) పాయింటర్ కాంపొనెంట్లుగా ఉంటాయి. అసలు లెక్క చేసే సబ్‌రొటీన్లకి వాటిని పంపేటప్పుడు డమ్మీలకి పాయింటర్ లక్షణం ఉండదు. సముద్రాన్ని టైళ్లుగా విడగొట్టి ఒక్కో టైల్‌ని ఒక్కో ప్రాసెసర్‌కి పంచుతారు కాబట్టి ఇండెక్స్‌లు 1 దగ్గర మొదలవ్వాలని ఏమీ లేదు. అందుకే అక్కడ డమ్మీని ఉత్త రెండు చుక్కలతో కాకుండా ‘ఎల్‌బీఐ:, ఎల్‌బీజే:’ అని, కింది హద్దుని కూడా విడిగా పంపి మరీ డిక్లేర్ చేస్తారు. ఒక మ్యాక్రో మారిస్తే ఇవే డమ్మీలు పై హద్దు కూడా ఉన్న ఎక్స్‌ప్లిసిట్ షేప్‌గా కంపైల్ అవుతాయి. చూడటానికి గజిబిజిగా ఉంటుంది. కానీ పాయింటర్లని డేటా దాచే చోటే ఆపి, లెక్క చేసే చోటికి రానివ్వకపోవడం తెలివైన పని.

కాపీ ఎప్పుడు పుడుతుంది

డమ్మీని ‘ఎక్స్(5)’ అనో ‘ఎక్స్(*)’ అనో, ఫోర్ట్రాన్ 77 పద్ధతిలో డిక్లేర్ చేస్తే కథ వేరు. ఇలాంటి డమ్మీకి డిస్క్రిప్టర్ వెళ్లదు, ఒక్క అడ్రస్ వెళ్తుంది. ఆ అడ్రస్ నుంచి ఎలిమెంట్లు వరసగా ఉంటాయని సబ్‌రొటీన్ నమ్ముతుంది. పైన చెప్పిన పి చూపించేవి ఒకటి విడిచి ఒకటి కదా. అందుకని కంపైలర్ 5 ఎలిమెంట్ల తాత్కాలిక అరే ఒకటి పుట్టించి, విలువలు అందులోకి ఎత్తి, దాని అడ్రస్ పంపి, సబ్‌రొటీన్ ముగిశాక విలువలు తిరిగి ఎ లోకి పోసి, తాత్కాలిక అరేని వదిలేస్తుంది. దీన్నే కాపీ ఇన్, కాపీ అవుట్ అంటారు.

పాయింటర్ చూపించే డేటా నిజానికి వరసగానే ఉండొచ్చు. కానీ కంపైల్ చేసేటప్పుడు ఆ సంగతి కంపైలర్‌కి తెలియదు. కొన్ని కంపైలర్లు నడిచేటప్పుడు స్ట్రైడ్ చూసి, వరసగా ఉంటే కాపీ మానేస్తాయి. ఫోర్ట్రాన్ 2008లో కంటిగ్యువస్ అనే లక్షణం వచ్చింది. పాయింటర్‌కి అది ఇస్తే ‘నేను వరసగా ఉన్న డేటానే చూపిస్తాను’ అని మాట ఇచ్చినట్టు. మాట తప్పితే బాధ్యత రాసినవాళ్లదే. జీఫోర్ట్రాన్ అనే కంపైలర్‌లో అరే టెంపరరీల వార్నింగ్ ఆప్షన్ పెడితే కాపీ పుట్టే చోట్లన్నీ చూపిస్తుంది. ఒక పెద్ద లూప్ లోపల ఇలాంటి కాల్ ఉంటే జవాబులన్నీ సరిగ్గానే వస్తాయి, టైమ్ మాత్రం ఎటు పోతోందో తెలియదు.

స్పీడ్ తగ్గడం చిన్న బాధ. కాపీ వల్ల జవాబే తప్పయ్యే చోటు ఒకటుంది. ప్రాసెస్‌ల మధ్య డేటా పంపించుకోవడానికి వాడే ఎంపీఐలో ఐరిసీవ్ అని ఒక రొటీన్ ఉంది. ‘వేరే ప్రాసెస్ నుంచి డేటా వస్తే ఈ అరేలో పెట్టు, నేను ఈలోపు వేరే పని చూసుకుంటాను’ అని దానికి చెబుతాం. అది వెంటనే తిరిగొచ్చేస్తుంది, డేటా తర్వాత తీరిగ్గా వస్తుంది. ఇప్పుడు వరసగా లేని డేటాని చూపించే పాయింటర్‌ని దీనికి బఫర్‌గా ఇచ్చారనుకుందాం. పాత ఇంటర్‌ఫేస్ ప్రకారం కంపైలర్ తాత్కాలిక అరే పుట్టించి దాని అడ్రస్ ఇస్తుంది. ఐరిసీవ్ వెంటనే తిరిగొస్తుంది. కంపైలర్ తన పని అయిపోయిందనుకుని ఇంకా ఏమీ రాని విలువల్నే అసలు అరేలోకి పోసి, తాత్కాలిక అరేని వదిలేస్తుంది. కాసేపటికి అసలు డేటా వచ్చి, ఎవరిదో అయిపోయిన ఆ మెమరీలో కూర్చుంటుంది. కంపైలర్ తప్పేం లేదు, ఎంపీఐ తప్పేం లేదు, రాసినవాళ్లు కూడా మామూలు కాలే రాశారు. 2012లో వచ్చిన ఎంపీఐ 3.0లోని కొత్త ఎఫ్08 మాడ్యూల్ దీనికి దారి చూపింది. డిస్క్రిప్టర్‌నే తీసుకోగలిగే చోట ఎంపీఐ_సబ్‌అరేస్_సపోర్టెడ్ అనే కాన్‌స్టంట్ ట్రూ అని ఉంటుంది. ఫాల్స్ అని ఉంటే మాత్రం వరసగా ఉన్న బఫరే ఇవ్వాలి.

ఒకటి చెప్పకుండా వదిలేయకూడదు. నల్ పాయింటర్‌ని మామూలు డమ్మీకి పంపడం తప్పు. చూపించడానికే ఏమీ లేనప్పుడు పంపేది ఏముంటుంది? అయితే డమ్మీ ఆప్షనల్ అయితే, ఫోర్ట్రాన్ 2008 నుంచి, నల్ పాయింటర్ పంపడం అంటే ఆ ఆర్గ్యుమెంట్ ఇవ్వనట్టే లెక్క. కాల్‌ని రెండు రకాలుగా రాసే ఇఫ్‌ల గోల దీంతో తప్పింది.

డమ్మీ కూడా పాయింటర్ అయితే

ఇప్పుడు లోపలికి వెళ్లేది డేటా కాదు, పాయింటర్. లోపల దాన్ని ఎటు తిప్పితే బయట పి కూడా అటే తిరుగుతుంది. లోపల అలొకేట్ చేస్తే బయట పి కి మెమరీ వస్తుంది. నల్ చేస్తే బయట నల్. టైప్, కైండ్, ర్యాంక్ అన్నీ కచ్చితంగా కలవాలి. ఫోర్ట్రాన్ 77లో లాగా రెండు డైమెన్షన్ల అరే పంపి ఒక డైమెన్షన్‌గా అందుకోవడం ఇక్కడ నడవదు.

దీని పర్యవసానం లింక్డ్ లిస్ట్ (ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్‌ని చూపించే లిస్ట్) దగ్గర బాగా తెలుస్తుంది. 10, 20, 30 అని మూడు నోడ్‌లున్న లిస్ట్ ఉంది. మొదటి నోడ్‌ని హెడ్ అనే పాయింటర్ చూపిస్తోంది. లిస్ట్‌ని ప్రింట్ చేయడానికి ఒక సబ్‌రొటీన్ రాశారు. డమ్మీ పేరు ఎన్, దానికి పాయింటర్ లక్షణం ఉంది. లోపల పని ఇంతే: ఎన్ దేన్నో చూపిస్తున్నంతసేపూ విలువ ప్రింట్ చెయ్యి, తర్వాత ‘ఎన్ => ఎన్%నెక్స్ట్’. సీ లో ఇలాగే రాస్తారు. అక్కడ ఇది నూటికి నూరుపాళ్లు సరైన కోడ్, ఎందుకంటే ఫంక్షన్‌కి వెళ్లేది పాయింటర్ కాపీ.

ఫోర్ట్రాన్‌లో ఇదే కోడ్ మొదటిసారి 10, 20, 30 అని చక్కగా ప్రింట్ చేస్తుంది. రెండోసారి పిలిస్తే ఏమీ ప్రింట్ కాదు. ఎన్ అంటే హెడ్డే కాబట్టి, ఎన్ ఒక్కో అడుగు ముందుకేసినప్పుడల్లా హెడ్ కూడా వేసింది. లూప్ ముగిసేసరికి హెడ్ నల్. మూడు నోడ్‌లూ మెమరీలోనే ఉన్నాయి, వాటిని చేరే దారి మాత్రం లేదు. ప్రింట్ చేయడానికి రాసిన సబ్‌రొటీన్ లిస్ట్‌నే పోగొట్టింది. సీ లో లాగా పాయింటర్‌ని వాల్యూగా పంపుదామంటే అదీ కుదరదు. ఫోర్ట్రాన్ 2003 తెచ్చిన వాల్యూ లక్షణాన్ని పాయింటర్‌తో కలిపి వాడనివ్వరు. ఒక లోకల్ పాయింటర్ పెట్టుకుని, ‘క్యూ => ఎన్’ అని మొదలుపెట్టి క్యూ ని నడిపించాలి.

ఈ తప్పుని కంపైలరే పట్టుకోవాలంటే డమ్మీకి ఇంటెంట్ ఇన్ (ఇది లోపలికి రావడానికే, మార్చకూడదు అనే మాట) పెట్టాలి. ఫోర్ట్రాన్ 90, 95లలో పాయింటర్ డమ్మీలకి ఇంటెంట్ ఇచ్చే వీలే లేదు. ఇంటెంట్ అనేది పాయింటర్‌కి వర్తించాలా, అది చూపించే డేటాకి వర్తించాలా అన్న ప్రశ్నకి భాష అప్పటికి జవాబు చెప్పలేదు. ఫోర్ట్రాన్ 2003 చెప్పింది: పాయింటర్‌కే. పైన చెప్పిన ప్రింట్ సబ్‌రొటీన్‌లో ఎన్ కి ఇంటెంట్ ఇన్ ఇచ్చి ఉంటే ‘ఎన్ => ఎన్%నెక్స్ట్’ దగ్గర కంపైల్ అవ్వడమే ఆగిపోయేది.

కానీ ఆ జవాబుకి రెండో వైపు కూడా ఉంది. ఇంటెంట్ ఇన్ ఉన్న పాయింటర్ డమ్మీ ద్వారా డేటాని మార్చడం పూర్తిగా చెల్లుతుంది. ‘ఎక్స్(3) = 0’ అని రాస్తే కంపైలర్ కిమ్మనదు. ఇంటెంట్ ఇన్ కనిపించగానే ‘ఇది చదవడానికి మాత్రమే’ అనుకుని కోడ్ రివ్యూ చేసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. డేటా మారకూడదంటే మార్గం ఒకటే, డమ్మీ నుంచి పాయింటర్ లక్షణం తీసేసి మామూలు ఇంటెంట్ ఇన్ అరేగా తీసుకోవడం.

ఇంటెంట్ అవుట్ (ఇది బయటికి ఇవ్వడానికే అనే మాట) ఇంకా చిత్రం. అలొకేటబుల్ (పాయింటర్ కాకుండానే, నడిచేటప్పుడు మెమరీ తెచ్చుకోగలిగే) డమ్మీకి ఇంటెంట్ అవుట్ ఇస్తే, సబ్‌రొటీన్‌లోకి అడుగుపెట్టగానే పాత మెమరీ దానంతటదే డీఅలొకేట్ అవుతుంది. పాయింటర్‌కి అలా జరగదు. దాని స్థితి అన్‌డిఫైన్డ్ అవుతుంది, అంతే. మెమరీని ఎవరూ వదిలించరు. నల్ కూడా అవ్వదు. కాబట్టి లోపల ‘అసోసియేటెడ్ అయితే ముందు డీఅలొకేట్ చెయ్యి’ అని జాగ్రత్తగా రాసిన లైనే తప్పు లైన్. కంపైలర్ డిస్క్రిప్టర్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే ఆ లైన్ పనిచేసినట్టే కనిపిస్తుంది, అందుకే ఏళ్ల పాటు బయటపడదు. పాత మెమరీ విషయం లోపలే చూసుకోవాలంటే ఇంటెంట్ ఇన్అవుట్ పెట్టాలి. అలా పెట్టి డీఅలొకేట్ మరిచినా ఇబ్బందే. అప్పటికే ఏదో చూపిస్తున్న పాయింటర్‌ని మళ్లీ అలొకేట్ చేస్తే ఎర్రర్ రాదు. కొత్త మెమరీ వస్తుంది, పాతది లీక్ అవుతుంది. అలొకేటబుల్ అయితే ఇక్కడ ఎర్రర్ ఇచ్చేది.

ఫోర్ట్రాన్ 2008 ఇంకో వెసులుబాటు ఇచ్చింది. డమ్మీ పాయింటర్, ఇంటెంట్ ఇన్ అయితే, దానికి పాయింటరే పంపక్కర్లేదు, టార్గెట్ లక్షణం ఉన్న మామూలు వేరియబుల్ పంపినా చాలు. కంపైలర్ మధ్యలో ఒక పాయింటర్ కట్టి ఇస్తుంది. అంతకు ముందు దీనికోసమే ఒక లోకల్ పాయింటర్ డిక్లేర్ చేసి, దాన్ని కట్టి, పంపి, తర్వాత విప్పే చాకిరీ ఉండేది.

ఇంటర్‌ఫేస్ తెలియకపోతే

ఇంతవరకు చెప్పిందంతా, పిలిచే చోట కంపైలర్‌కి డమ్మీ డిక్లరేషన్ తెలుసు అన్న నమ్మకం మీద నడిచింది. సబ్‌రొటీన్ విడి ఫైల్‌లో ఉండి, మాడ్యూల్‌లో లేకుండా, ఇంటర్‌ఫేస్ బ్లాక్ కూడా రాయకపోతే కంపైలర్‌కి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. అది ఫోర్ట్రాన్ 77 పద్ధతిలో పి చూపించే డేటా అడ్రస్‌ని పంపిస్తుంది. అవతల సబ్‌రొటీన్ మాత్రం తనకి వచ్చింది డిస్క్రిప్టర్ అడ్రస్ అనుకుంటుంది. అక్కడున్న మొదటి 8 బైట్లు ఏ ఉష్ణోగ్రత విలువో అయి ఉంటాయి. వాటిని మెమరీ అడ్రస్ అనుకుని చదవబోతుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే మేలు చేసినట్టే.

పాయింటర్ డమ్మీ ఉన్న సబ్‌రొటీన్‌కి ఎక్స్‌ప్లిసిట్ ఇంటర్‌ఫేస్ (పిలిచే చోట కంపైలర్‌కి డమ్మీల వివరం తెలిసి ఉండటం) తప్పనిసరి అని స్టాండర్డ్ చెప్పేది ఇందుకే. రెండూ ఒకే ఫైల్‌లో ఉంటే కంపైలర్ పట్టుకోగలదు, వేర్వేరు ఫైళ్లయితే దానికి దారి లేదు. మాడ్యూల్‌లో పెడితే ఈ టెన్షన్ మొత్తం పోతుంది. అస్యూమ్డ్ షేప్‌కీ ఇదే నియమం.

టార్గెట్ డమ్మీ, బయట మిగిలిపోయే పాయింటర్

కొన్ని సబ్‌రొటీన్లు తమకి వచ్చిన అరేని గుర్తుపెట్టుకోవాలని చూస్తాయి. డమ్మీ ఎక్స్ కి టార్గెట్ లక్షణం ఇచ్చి, లోపల ‘గుర్తు => ఎక్స్’ అని ఒక మాడ్యూల్ పాయింటర్‌ని కడతాయి. సబ్‌రొటీన్ ముగిశాక కూడా ‘గుర్తు’ బయటి అరేని చూపిస్తూ ఉంటుందని ఆశ. ఉంటుందా అన్నది పిలిచినవాళ్ల చేతిలో ఉంది. బయటి అరేకి కూడా టార్గెట్ లక్షణం ఉండి, డమ్మీ స్కేలర్‌గానో (అరే కాని ఒక్క విలువగానో) అస్యూమ్డ్ షేప్‌గానో ఉంటే సాధారణంగా ఉంటుంది. డమ్మీ ఎక్స్‌ప్లిసిట్ షేప్ అయితే, కాపీ పుట్టే అవకాశం ఉంది కాబట్టి, స్టాండర్డ్ దాన్ని చాలావరకు కంపైలర్‌కే వదిలేసింది. బయటి అరేకి టార్గెట్ లేకపోతే సబ్‌రొటీన్ ముగిసిన క్షణంలో ‘గుర్తు’ అన్‌డిఫైన్డ్ అవుతుంది.

ఈ చివరి సందర్భంలో ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా వస్తుందన్న నమ్మకం లేదు. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే అడ్రస్ అదే కాబట్టి అన్నీ సవ్యంగా నడుస్తాయి. ఆప్టిమైజేషన్ పెంచగానే కంపైలర్ ఇలా ఆలోచిస్తుంది: ఈ వేరియబుల్‌కి టార్గెట్ లేదు, దీన్ని ఏ పాయింటరూ మార్చలేదు, కాబట్టి విలువని రిజిస్టర్‌లోనే ఉంచుకోవచ్చు. అవతల ‘గుర్తు’ ద్వారా మార్చిన విలువ ఇవతల కనిపించదు. డీబగ్ బిల్డ్‌లో పోయి రిలీజ్ బిల్డ్‌లో వచ్చే బగ్ ఎదురైతే ముందు వెతకాల్సిన చోట్లలో ఇది ఒకటి. బయటి డిక్లరేషన్‌లో ఒక్క మాట చేరిస్తే తీరిపోతుంది, కానీ ఆ మాట ఎక్కడ తగ్గిందో కనుక్కోవడానికే ఎక్కువ సమయం పడుతుంది.

లోకల్ పాయింటర్ల సంగతి చిన్నదే గానీ వదిలేయకూడదు. సబ్‌రొటీన్‌లో లోకల్ పాయింటర్‌ని డిక్లేర్ చేస్తూనే ‘=> నల్()’ అని పెడితే, ప్రతి కాల్‌లో నల్‌తో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. కాదు. డిక్లరేషన్‌లో విలువ ఇచ్చిన వేరియబుల్‌కి సేవ్ లక్షణం దానంతటదే వచ్చేస్తుంది. నల్ అనేది మొదటి కాల్‌కే, రెండో కాల్‌లో పాతది ఎలా ఉందో అలాగే ఉంటుంది. నల్ చేయాలంటే ఎగ్జిక్యూటబుల్ లైన్‌లో నల్లిఫై అని రాయాలి. ఇక సేవ్ లేని లోకల్ పాయింటర్‌కి అలొకేట్ చేసి వదిలేస్తే, సబ్‌రొటీన్ ముగియగానే పాయింటర్ పోతుంది, మెమరీ మిగులుతుంది. ఫోర్ట్రాన్ 95 నుంచి లోకల్ అలొకేటబుల్ అరేలు దానంతటవే డీఅలొకేట్ అవుతాయి. పాయింటర్లకి ఆ భాగ్యం లేదు.

అసలు ఇన్ని పాయింటర్ డమ్మీలు ఎందుకొచ్చాయి

పాత ఫోర్ట్రాన్ 90 కోడ్ తెరిస్తే పాయింటర్ డమ్మీలు విరివిగా కనిపిస్తాయి. రాసినవాళ్లకి పాయింటర్ల మీద మోజు ఉండి కాదు. ఫైల్ చదివి, సైజు తెలుసుకుని, అరేని అలొకేట్ చేసి బయటికి ఇచ్చే సబ్‌రొటీన్ రాయాలంటే అప్పట్లో వేరే దారి లేదు. ఫోర్ట్రాన్ 90, 95లలో అలొకేటబుల్ అరేని డమ్మీగా పెట్టనిచ్చేవారు కాదు, డిరైవ్డ్ టైప్‌లో కాంపొనెంట్‌గా కూడా పెట్టనిచ్చేవారు కాదు. ఆ రెండు తలుపులూ టీఆర్ 15581 అనే టెక్నికల్ రిపోర్ట్‌తో తెరుచుకుని, ఫోర్ట్రాన్ 2003లో స్టాండర్డ్‌లో కలిశాయి. అప్పటికి రాసేసిన కోడ్ అలాగే ఉండిపోయింది. రోమ్స్ లాంటి మోడళ్లలో పాయింటర్ కాంపొనెంట్లు కనిపించడానికీ ఈ కాలమే కారణం.

దీనికి మూల్యం స్పీడ్‌లో చెల్లించాలి. రెండు మామూలు డమ్మీలు ఒకే మెమరీ మీద పడవని, కనీసం వాటిలో దేన్నైనా మారుస్తున్నప్పుడు పడవని, ఫోర్ట్రాన్ కంపైలర్ నమ్ముతుంది. ఫోర్ట్రాన్ లూప్‌లు వేగంగా నడవడానికి ఒక ముఖ్య కారణం ఈ నమ్మకమే. పాయింటర్ ఉన్న చోట, కొన్ని షరతులతో టార్గెట్ ఉన్న చోట ఈ నమ్మకం వర్తించదు. ఒక విలువ రాసిన ప్రతిసారీ పక్క పాయింటర్ చూపించేది కూడా మారిందేమో అని కంపైలర్ జంకాలి. స్ట్రైడ్ ఎంతో కూడా తెలియదు. వెక్టరైజేషన్ (కొన్ని విలువల్ని ఒకేసారి లెక్క చేయడం) అక్కడే దెబ్బతింటుంది.

పాయింటర్లని మామూలు డమ్మీలకి పంపితే వేగం తిరిగొస్తుంది, దాంతో పాటు బాధ్యత కూడా వస్తుంది. మూడు పక్కపక్క విలువల సగటు తీసి రెండో అరేలో పెట్టే సబ్‌రొటీన్ ఉందనుకుందాం. పి, క్యూ రెండూ ఒకే అరేని చూపిస్తున్నాయని మరిచి, పి ని ఇన్‌పుట్‌గా, క్యూ ని అవుట్‌పుట్‌గా పంపారు. ఒక్కొక్కటిగా లెక్క చేస్తే, ఎడమ పక్క విలువ అప్పటికే మారిపోయి ఉంటుంది. నాలుగేసి ఒకేసారి లెక్క చేస్తే పాత విలువలు వాడబడతాయి. రెండు జవాబులూ వేరు. ఆప్టిమైజేషన్ లెవెల్ మార్చినప్పుడల్లా జవాబు మారుతుంటే కంపైలర్‌లో బగ్ అని తిట్టుకునేముందు ఈ కాల్ చూడాలి. స్టాండర్డ్ ప్రకారం తప్పు పిలిచినవాళ్లదే.

పాయింటర్ డమ్మీ న్యాయంగా అవసరమైన చోట్లు లేకపోలేదు. లింక్డ్ లిస్ట్‌లు, ట్రీలు సరే. వాతావరణ మోడళ్లలో, సముద్ర మోడళ్లలో కాలం ఒక అడుగు ముందుకేసినప్పుడు ‘పాత’ అరే, ‘కొత్త’ అరే స్థానాలు మార్చుకోవాలి. లక్షల విలువలు కాపీ చేసే బదులు మూడు పాయింటర్ అసైన్‌మెంట్లతో పని అయిపోతుంది: తాత్కాలికం => పాత, పాత => కొత్త, కొత్త => తాత్కాలికం. దీన్ని సబ్‌రొటీన్‌గా రాస్తే డమ్మీలు పాయింటర్లే అయి ఉండాలి. ఇదే పని అలొకేటబుల్స్‌తో చేయాలంటే ఫోర్ట్రాన్ 2003లోని మూవ్_అలొక్ ఉంది, అదీ కాపీ చేయదు.

పరీక్షించే సాధనాల్లో జీఫోర్ట్రాన్ ఎఫ్‌చెక్ ఆప్షన్‌కి పాయింటర్ అని ఇస్తే నల్ పాయింటర్‌ని వాడే చోట ప్రోగ్రామ్‌ని ఆపి లైన్ నంబర్ చెబుతుంది. అప్పటికే డీఅలొకేట్ అయిన మెమరీని చూపించే పాయింటర్‌ని అది పట్టుకోలేదు. డిస్క్రిప్టర్‌లో పాత అడ్రస్ అలాగే ఉంటుంది కాబట్టి దానికి అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. దానికి మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజరో వాల్‌గ్రైండో కావాలి. డిస్క్రిప్టర్ లేఅవుట్ కంపైలర్‌ని బట్టి మారుతుందని కూడా గుర్తుండాలి. జీఫోర్ట్రాన్‌తో కంపైల్ చేసిన లైబ్రరీలోని పాయింటర్ డమ్మీకి ఇంటెల్ కంపైలర్‌తో కట్టిన పాయింటర్‌ని పంపడం కుదరదు. సీ తో మాట్లాడేటప్పుడు మాత్రం ఫోర్ట్రాన్ 2018 ఒక ఉమ్మడి డిస్క్రిప్టర్‌ని నిర్ణయించింది. బైండ్ సీ ఉన్న ఇంటర్‌ఫేస్ ద్వారా పంపితే సీ ఫంక్షన్ హద్దులు, స్ట్రైడ్‌లు చదవగలదు.

పాత పాయింటర్ డమ్మీలని అలొకేటబుల్‌కి మార్చాలనుకునేవాళ్లకి పని సబ్‌రొటీన్ ఒక్కదాంతో తెగదు. అలొకేటబుల్ డమ్మీకి పాయింటర్‌ని పంపనివ్వరు కాబట్టి పిలిచే ప్రతి చోటా డిక్లరేషన్ మారాలి. హద్దుల విషయంలో ఇబ్బంది లేదు, అలొకేటబుల్ డమ్మీకి కూడా బయటి హద్దులే వెళ్తాయి. ఇంటెంట్ అవుట్ ఉన్న చోట మాత్రం ఒక్కొక్కటీ చూసుకోవాలి, ఎందుకంటే ఇప్పుడది లోపలికి అడుగుపెట్టగానే పాత డేటాని తుడిచేస్తుంది. ఆ అరేని వేరే ఎక్కడో ఇంకో పాయింటర్ చూపిస్తూ ఉంటే కొత్త డిక్లరేషన్‌కి టార్గెట్ కూడా చేర్చాలి. అది లేకపోతే కంపైలర్ ఆ పాయింటర్‌ని కట్టే లైన్ దగ్గరే ఆగిపోతుంది.